దసరా సెలవులకు టాంజానియా వస్తున్న అమ్మలుకి

చి. సౌ. అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

అల్లుడు పంపిన ప్లాన్ చూశాను. ఆరు రోజుల్లో ఐదు పార్కులంటే సగం సెలవు రోడ్డు మీదే పోతుంది. మూడు చాలు: టరంగీరే, ఎన్‌గోరోంగోరో, సెరెంగెటి.

మీరొచ్చేది అక్టోబరులో. పెద్ద వానలు ఆగి అప్పటికి నాలుగు నెలలు దాటుతుంది, జంతువులన్నీ నీళ్లున్న చోటికే చేరతాయి. అందుకే డ్రైవర్ని 'సింహం ఎక్కడుంది' అని కాదు, 'నీళ్లు ఎక్కడున్నాయి' అని అడుగు.

ఏనుగులంటే టరంగీరేనే. గోల్కొండ నయా ఖిలాలో లావు మాను చెట్టు చూశావు కదా, అలాంటి బావోబాబ్‌లు ఇక్కడ ఎటు చూసినా ఉంటాయి. ఓసారి ఏటి ఒడ్డున జీపు ఆపించాను. పైకి అంతా ఇసకే. ఓ పెద్ద ఆడ ఏనుగు ముందుకాలితో ఇసక తవ్వి, తొండంతో తోడి పక్కన పోసి, గుంటలో నీరు ఊరేదాకా కదలకుండా నిలబడింది. పిల్ల తొందరపడి తొండం పెట్టబోతే కాలితో మెల్లగా పక్కకు నెట్టింది. మొదట ఊరిన బురదనీళ్లు పీల్చి అవతలికి చిమ్మింది. అచ్చం మీ నాయనమ్మ ఏట్లో చెలమ తీసినట్టే! అవి వెళ్లాక అడవిపందులొచ్చి అదే చెలమలో తాగాయి. ముప్పావుగంట పట్టింది. అంతకుముందు ఏడాది ఇలా ఆగకుండా, రేడియోలో ఎవరో సింహం అన్నారని పరుగెత్తాం. వెళ్లేసరికి ఇరవై జీపులు, గడ్డిలో ఒక చెవి. నువ్వు మాత్రం ఆగు. ఇక్కడ రెండు రాత్రులు ఉండండి.

ఎన్‌గోరోంగోరో అంటే పాత అగ్నిపర్వతం కుంగి ఏర్పడిన పెద్ద గిన్నెలాంటి లోయ. అక్కడికి ఖడ్గమృగం కోసం వెళ్లాలి. ఉదయం ఆరుకి గేటు తెరిచేసరికి అక్కడుండాలి. ఎండెక్కితే అది గడ్డిలో పడుకుంటుంది, ఇక కనపడదు. లేచి ఉన్నా దూరంగా నల్లబండలా ఉంటుంది, బైనాక్యులర్స్ తప్పనిసరి. పైన అంచు 2,300 మీటర్ల ఎత్తు, పిల్లలకి స్వెటర్లు మర్చిపోకు. జిరాఫీలు ఆ నిటారు గోడలు దిగి లోపలికి రావు, వాటిని టరంగీరేలోనే చూసేయండి.

సెరెంగెటిలో నడిమధ్యన ఉండే సెరొనేరా ప్రాంతం చుట్టుపక్కలే తిరగండి. అక్కడ చిరుతని వెతికేటప్పుడు చెట్టులో మచ్చల కోసం చూడకు, కొమ్మ మీంచి వేలాడే తోక కోసం చూడు. ఆకుల నీడలో మచ్చలు కలిసిపోతాయి, తోక మాత్రం దొరికిపోతుంది. సింహాలు పొద్దున్నే బండల మీద ఎండ కాగుతుంటాయి. నీటిగుర్రాలకి రెటీమా మడుగు ఉంది, వాసనకి సిద్ధపడి వెళ్లండి. మారా నది దాటే వైల్డ్‌బీస్ట్ మందల కోసం ఉత్తరానికి పోవాలి, అక్కడ రోజుల తరబడి కాచుకోవాలి. చిన్నపిల్లలతో ఈసారి వద్దు.

ముదురు నీలం, నలుపు బట్టలు తేవద్దు. సెట్సీ ఈగలు వాటి మీదే వాలతాయి, కుడితే బాగా మండుతుంది. 2019 జూన్ నుంచి ఈ దేశంలోకి ప్లాస్టిక్ కవర్లు తేకూడదు, ఆవకాయ స్టీలు డబ్బాలో పెట్టు.

డ్రైవర్ తొందరపెడితే 'పోలే పోలే' అను. స్వాహిలీలో మెల్లగా అని. నవ్వి ఇంజిన్ ఆపేస్తాడు.

మార్చిన ప్లాన్ ఈ వారమే పంపు. టరంగీరేలో రెండు రాత్రులు ఉన్నాయో లేదో చూసి చెప్తాను.

పెదనాన్న
అరుషా