దీపం పెట్టినా మనసు కదలడం లేదు.. నాలో భక్తి తగ్గిందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 51. మావారికి చిన్న కిరాణా కొట్టు ఉంది. అమ్మాయికి పెళ్లయి బెంగళూరులో ఉంటోంది. మా అత్తగారికి 79 ఏళ్లు. మూడేళ్ల కిందట డిమెన్షియా అని చెప్పారు. ఇప్పుడు ఎవరినీ గుర్తుపట్టడం లేదు, నా పేరు కూడా మర్చిపోయారు. స్నానం, బట్టలు, అన్నం అన్నీ నేనే చూసుకోవాలి. రాత్రి రెండు మూడుసార్లు లేస్తారు. ఆవిడకు పెట్టి, గిన్నెలు కడుక్కుని నేను తినేసరికి మధ్యాహ్నం మూడవుతుంది. ముద్ద ఆవిడ నోటి దాకా తీసుకెళ్తే మాత్రం రోజూ ‘నువ్వు తిన్నావా అమ్మాయ్’ అని అడుగుతారు. తిన్నానత్తయ్యా అంటాను. పాతికేళ్లుగా పొద్దున్నే దీపం పెట్టి లలితా సహస్రనామం చదువుకోవడం అలవాటు. నాలుగైదు నెలలుగా దీపం పెడుతున్నా లోపల ఏమీ అనిపించడం లేదు. వీడియో కాల్‌లో మనవడు నవ్వినా అంతే. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. దేవుడు నాకు దూరమయ్యాడా? ఇది జబ్బా, భక్తి తగ్గడమా? ఈ బతుకు ఇంతేనా?
- ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, ముందు మీ భయం సంగతి చెబుతాను. మీలో భక్తి తగ్గలేదు. జ్వరం వచ్చినప్పుడు గోంగూర పచ్చడి కూడా చప్పగా ఉంటుంది కదా. పచ్చడి మారలేదు, నోటికి రుచి తెలియడం లేదు అంతే. మనసుకూ అలాంటి జ్వరం వస్తుంది. మీకు పూజ ఒక్కటే చప్పబడి ఉంటే నేను వేరేలా ఆలోచించేవాడిని. మనవడి నవ్వు కూడా లోపలికి దిగడం లేదంటున్నారు, మూడింటికే మెలకువ వస్తోందంటున్నారు. ఈ రెండూ డిప్రెషన్‌లో మేం తరచూ చూసే లక్షణాలు. రెండు వారాలకు మించి రోజూ ఇలాగే ఉంటే పరీక్ష చేయించుకోవాలి. మీకు నెలలు గడిచిపోయాయి.

కాబట్టి ఈ వారంలోనే సైకియాట్రిస్టును కలవండి. ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో కూడా సైకియాట్రీ ఓపీ ఉంటుంది. హిమోగ్లోబిన్, థైరాయిడ్, విటమిన్ బి12, షుగర్ పరీక్షలు చేయిస్తారు. మీ వయసులో థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా మనిషి ఇలాగే డీలా పడిపోతుంది. డిప్రెషనే అయితే కౌన్సెలింగ్, అవసరాన్ని బట్టి మందులు ఇస్తారు. ఆ మందులు పనిచేయడం మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వారం వాడి గుణం లేదని మానేయకండి. బాగుందని మీ అంతట మీరు ఆపేయనూ వద్దు. ‘ఈ బతుకు ఇంతేనా’ అన్న మాట ఎప్పుడైనా ‘చచ్చిపోతే బాగుండు’ అనే దాకా వెళితే ఓపీ రోజు కోసం ఆగకండి. వెంటనే మీవారికి చెప్పండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. అది ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇక మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ‘నువ్వు తిన్నావా అమ్మాయ్’. దాన్ని మీరు అన్నిటి మధ్యలో మామూలుగా రాసేశారు. డిమెన్షియాలో సాధారణంగా ముందు పోయేది కొత్త జ్ఞాపకాలు. ఈరోజు ఏ వారం, పొద్దున ఏం తిన్నాం లాంటివి. తర్వాత పేర్లు, ముఖాలు. ఏళ్ల తరబడి చేసిన పనులు, అన్న మాటలు, ఎదుటి మనిషి దగ్గర కలిగే నెమ్మది మాత్రం చాలా కాలం మిగులుతాయి. ఆవిడ ఎంతమందికి వడ్డించి ఉంటారు, ఎన్ని వేలసార్లు ఆ మాట అడిగి ఉంటారు! మీ పేరు పోయింది, మీ ఆకలి గురించిన ఆరా పోలేదు. మీరు దేవుడి గదిలో వెతుకుతున్నది రోజూ మధ్యాహ్నం మీ చేతి ముద్ద ముందు వినిపిస్తోందని నాకు అనిపిస్తోంది. ఇది డాక్టరుగా కాదు, ఒక కొడుకుగా అంటున్నాను. మా నాన్నగారు మంచం పట్టినప్పుడు ఆదివారాలు నేనే గడ్డం గీసేవాణ్ని. నురుగు రాయగానే మాట్లాడలేని మనిషి గడ్డం పైకెత్తి బుగ్గ నాకందించేవారు. పూజలో ఎన్నడూ కుదరని నిలకడ నాకు ఆ పది నిమిషాల్లో కుదిరేది.

కౌశికుడి కథ మీకు తెలిసే ఉంటుంది. రెట్ట వేసిన కొంగను కోపంగా చూసి మాడ్చేసిన తపస్వి. భర్తకు అన్నం పెడుతూ, భిక్షకు వచ్చిన తనను గుమ్మంలో నిలబెట్టిన ఇల్లాలి మీద మండిపడితే, నేను కొంగను కానంది ఆవిడ. ధర్మం తెలుసుకోవాలంటే మిథిలలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడి దగ్గరికి వెళ్లమంది. ఆయన తన ముసలి తల్లిదండ్రులను చూపించి, నా దేవుళ్లు వీళ్లేనన్నాడు. ఈ కథ చెప్పి ఇంటి చాకిరీ అంతా ఆడవాళ్ల నెత్తిన పెట్టేవాళ్లను చూశాను, నాకది నచ్చదు. ఆ కథలో తల్లిదండ్రులకు స్నానం చేయించి, కాళ్లు కడిగి, అన్నం పెట్టింది వాళ్ల కొడుకే. ఈ మాట మీవారికి చదివి వినిపించండి. వారంలో రెండు రాత్రులు ఆయన ఆవిడ గదిలో పడుకోవాలి, ఆ రెండు రాత్రులూ మీరు వేరే గదిలో నిద్రపోవాలి. నిద్ర లేని మనిషికి ఏ క్షణంలోనూ ఏ అర్థమూ కనిపించదు.

ఆవిడ రాత్రి లేవడం గురించి కూడా డాక్టరుతో చెప్పండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, నోటితో చెప్పలేని నొప్పి వల్ల కూడా అలా లేస్తుంటారు. పొద్దున కాసేపు ఎండలో కూర్చోబెట్టి, పగటి నిద్ర తగ్గిస్తే కొంత మేలు. అన్నం తినేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టండి. దగ్గు, పొలమారడం ఎక్కువైతే వెంటనే చూపించండి.

పూజ సంగతి. సహస్రనామం చదవలేకపోతే ఇప్పటికి పక్కన పెట్టండి. దీపం పెట్టి రెండు నిమిషాలు కూర్చోండి చాలు. ఏమీ అనిపించకపోయినా లేచి వచ్చేయండి, మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. జ్వరం తగ్గితే రుచి దానంతట అదే వస్తుంది.

రేపటి నుంచి మధ్యాహ్నం రెండు కంచాలు పెట్టండి. పక్కన ఒకరు తింటుంటే డిమెన్షియా ఉన్నవాళ్లూ చూసి కాస్త ఎక్కువ తింటారు. ఆవిడకు ఒక ముద్ద, మీకొక ముద్ద. మొదటి ముద్ద మీరే తినండి. ఆవిడ అడిగినప్పుడు తిన్నానత్తయ్యా అని మీరు చెప్పే మాట నిజం కావాలి.