పాత ఆటలో ఏముందండీ?

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. కొత్త గేములన్నీ వదిలేసి ‘క్రోనో ట్రిగర్’ అని ఏదో పాతది పట్టుకు కూర్చున్నాడు. బొమ్మలు చూస్తే చుక్కలు చుక్కలుగా ఉన్నాయి. అంత పాతదాంట్లో ఏముందండీ?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ముందు నా ఓటు మీవాడికే వేసేస్తున్నానమ్మా. 1995లో జపాన్‌లో స్క్వేర్ కంపెనీ తెచ్చిన ఆట అది. ‘ఫైనల్ ఫాంటసీ’ ఆటలు సృష్టించిన సకగుచి, ‘డ్రాగన్ క్వెస్ట్’ ఆటల హోరీ, ‘డ్రాగన్ బాల్’ కామిక్స్‌కు బొమ్మలేసిన తోరియామా కలిసి పనిచేశారు. పేర్లు గొప్పవే. ఆట మాత్రం వాటివల్ల నిలబడలేదు.

ఆ రోజుల్లో ఈ తరహా ఆటల్లో, అంటే కథలో ఓ పాత్రగా తిరుగుతూ శత్రువులతో పోరాడే ఆటల్లో, నాలుగడుగులు వేస్తే చాలు, కనపడని శత్రువులు ఊడిపడేవాళ్లు. ఇందులో చాలాచోట్ల వాళ్లు ముందే కనిపిస్తారు, కొందరిని తప్పించుకుపోవచ్చు కూడా. కొట్లాట నిలబడ్డ చోటే మొదలవుతుంది. మనం నడిపే కథానాయకుడు క్రోనో కత్తి గిర్రున తిప్పితే దగ్గర్లో ఉన్నవాళ్లందరికీ తగులుతుంది. అందుకని వాళ్లు గుంపుగా చేరేదాకా ఆగాలా, ఇప్పుడే వేసేయాలా అని టెన్షన్. ఆగితే మనకే దెబ్బలు.

అసలు తెలివి మొదటి గంటలోనే ఉంది. రాజ్యం పుట్టి వెయ్యేళ్లయిందని తిరునాళ్లు జరుగుతుంటాయి. క్రోనో ఓ అమ్మాయిని ఢీకొంటాడు, ఆమె లాకెట్ ఎగిరి పడుతుంది. ఓ బల్లమీద ఎవరిదో భోజనం ఉంటుంది. ఓ పాప పిల్లి తప్పిపోయి ఉంటుంది. ఇలాంటి ఆటల్లో కనపడ్డదల్లా జేబులో వేసుకోవడం ఆడేవాళ్లకు అలవాటు, భోజనం తినేస్తారు. చాలాసేపటి తర్వాత యువరాణిని ఎత్తుకెళ్లాడని క్రోనో మీద కేసు పెడతారు. ఆ అమ్మాయే యువరాణి! కోర్టులో సాక్షులెవరనుకున్నారు? భోజనం పోగొట్టుకున్న పెద్దాయన, పిల్లి పాప. అమ్మాయిని పలకరించకుండా ముందు లాకెట్ తీసుకున్నారా, అదీ బయటికొస్తుంది. ఆట ఇవన్నీ గుర్తుపెట్టుకుంటోందని అప్పటిదాకా ఒక్క ముక్క చెప్పదు.

నా ఫిర్యాదు ఒకటుంది. తీర్పు ఎటు వచ్చినా క్రోనో జైలుకే పోతాడు. నిర్దోషి అన్నాక కూడా మూడు రోజులు లోపల వేస్తారు. ఇంత చక్కగా లెక్క రాసుకున్నవాళ్లు కథనీ కాస్త పక్కకు తిప్పాల్సింది.

ఆ లోటు తర్వాత కొంత తీరుస్తారు. పోరే అనే ఊళ్లో ఓ పిసినారి మేయరుంటాడు. మనకు కావలసిన రాయి నొక్కేసి ఇవ్వనంటాడు. ఈ ఆటలో కాలంలో వెనక్కీ ముందుకీ ప్రయాణించొచ్చు లెండి. నాలుగొందల ఏళ్లు వెనక్కి వెళ్లి, వాళ్ల వంశంలో ఓ ఇల్లాలికి ఎండుమాంసం డబ్బు తీసుకోకుండా ఇస్తే, పిల్లలకు మంచితనం నేర్పుతానంటుంది. తిరిగి వచ్చి చూస్తే మేయరు దానకర్ణుడు. అదే మాంసం ఆమెకు అమ్ముకోవచ్చు కూడా, అప్పుడు మేయరు పిసినారిగానే ఉంటాడు.

ఇరవై పాతిక గంటల్లో ఆట అయిపోతుంది. కాకపోతే సంపాదించిన బలంతోనే మళ్లీ మొదటినుంచి ఆడొచ్చు. ఆఖరి శత్రువును ఎప్పుడు పడగొట్టామన్నదాన్ని బట్టి ముగింపు మారుతుంది, అలాంటివి పదికి పైనే. కాబట్టి మీవాడు ‘అయిపోయిందమ్మా’ అని మర్నాడు మళ్లీ కూర్చుంటే అబద్ధమనుకోకండి. సెమిస్టర్ పరీక్షల తేదీలు మాత్రం మీరే గుర్తుంచుకోండి.