క్లౌడ్ సందేహాలు: ఇమేజ్ తీసేసే ముందు దాని మీద ఏముందో చూడండి

ప్రశ్న: మా కాలేజీ ల్యాబ్‌లో ఓపెన్‌స్టాక్ (సొంత క్లౌడ్ నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టాం. ఇమేజ్‌లు దాచే గ్లాన్స్‌కూ, వీఎంలు (వర్చువల్ మెషీన్లు) నడిపే నోవాకూ స్టోరేజ్ సెఫ్ (చాలా సర్వర్ల డిస్కులను కలిపి ఒకే స్టోరేజ్‌గా ఇచ్చేది). ఉబుంటు ఇమేజ్ (వీఎంలకు మూలమైన డిస్క్ కాపీ) క్యూకౌ2 (ఖాళీ చోటు వదిలేసి దాచే డిస్క్ ఫార్మాట్) ఫైలు 3 జీబీయే. అయినా 30 వీఎంలు ఒకేసారి లేపితే అరగంట దాటుతోంది, కంప్యూట్ నోడ్లలో (వీఎంలు నడిచే సర్వర్లలో) రూట్ పార్టిషన్ నిండిపోతోంది. సెఫ్ ఉంటే క్షణాల్లో లేస్తాయంటారు కదా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: లేస్తాయి, ఇమేజ్ రా ఫార్మాట్‌లో (డిస్క్ ఉన్నదున్నట్టు) ఉంటే. సెఫ్ క్లోన్ చేసినప్పుడు అసలు ఇమేజ్ కాపీ కాదు. వీఎం కొత్తగా రాసిన బ్లాకులు మాత్రమే విడిగా నిలుస్తాయి. క్యూకౌ2 లోపలి అమరిక సెఫ్‌కు తెలియదు. అందుకని నోవా ఆ ఇమేజ్‌ను కంప్యూట్ నోడ్‌లోకి దించుకుని, రాలోకి మార్చి, ఒక్కో వీఎంకు ఒక్కో పూర్తి కాపీ సెఫ్‌లోకి ఎక్కిస్తుంది. మీ రూట్ పార్టిషన్ నిండుతున్నది ఈ దించుకోవడం, మార్చడం దగ్గరే.

ముందు ‘క్యూఎము-ఇమేజ్ ఇన్ఫో’ కొట్టి వర్చువల్ సైజు (వీఎంకు కనబడే డిస్క్ సైజు) చూడండి. ఫైలు 3 జీబీ అయినా అక్కడ 40 జీబీ ఉంటే, రాలోకి మార్చాక గ్లాన్స్‌కు పంపాల్సింది 40 జీబీ. ఇమేజ్ తయారుచేసేటప్పుడే డిస్క్ 5 నుంచి 8 జీబీ పెట్టుకోవడం మేలు. మొదటి బూట్‌లో క్లౌడ్-ఇనిట్ (వీఎం లోపల తొలి అమరికలు చేసే ప్రోగ్రామ్) రూట్ పార్టిషన్‌ను ఫ్లేవర్ (వీఎంకు మీరు ఎంచుకున్న కొలతలు) సైజుకు పెంచుతుంది. ఆ తర్వాత ‘క్యూఎము-ఇమేజ్ కన్వర్ట్’తో రాలోకి మార్చి, డిస్క్ ఫార్మాట్ ‘రా’, కంటైనర్ ఫార్మాట్ ‘బేర్’ అని కొత్త ఇమేజ్‌గా ఎక్కించండి. పాత ఇమేజ్‌కే ఫార్మాట్ పేరు మారుద్దామనుకుంటే కుదరదు. ఇమేజ్ యాక్టివ్ అయ్యాక ఆ విలువ మారదు. క్యూకౌ2 ఫైలును ‘రా’ అని చెప్పి ఎక్కించినా పని కాదు. పాత వెర్షన్లు దాన్ని అడ్డుచెప్పకుండా తీసుకుంటాయి, కానీ వీఎం ‘బూటబుల్ డివైస్ లేదు’ అని ఆగిపోతుంది.

ఫార్మాట్ ఒక్కటే చాలదు. గ్లాన్స్ కాన్ఫిగ్‌లో ‘షో_ఇమేజ్_డైరెక్ట్_యూఆర్ఎల్’ ట్రూ ఉండాలి, నోవా వాడే సెఫ్ యూజర్‌కు ఇమేజెస్ పూల్ (సెఫ్‌లో ఇమేజ్‌లు ఉండే విభాగం) చదివే అనుమతి ఉండాలి. క్లోన్ అయిందో లేదో తేల్చుకోవడానికి కొత్త వీఎం డిస్క్ మీద ‘ఆర్‌బీడీ ఇన్ఫో’ కొట్టండి. ‘పేరెంట్’ వరుసలో ఇమేజెస్ పూల్ పేరు, ఇమేజ్ ఐడీ, చివర ‘@స్నాప్’ కనిపిస్తే క్లోనే. ఆ వరుసే లేకపోతే ఇంకా పూర్తి కాపీయే జరుగుతోంది.

ఇంకో సంగతి. క్లోన్లు బతికి ఉన్నంతకాలం ఆ ఇమేజ్‌ను గ్లాన్స్ పాత వెర్షన్లు డిలీట్ చేయనివ్వవు, ‘వాడుకలో ఉంది’ అంటాయి. బలవంతంగా తీయాలని చూడకండి. హిడెన్ అని గుర్తు పెడితే మామూలు జాబితాలో కనబడదు, అంతే చాలు.

ప్రశ్న: మాది సెఫ్ లేని చిన్న క్లౌడ్, వీఎం డిస్కులు నోడ్ లోకల్ డిస్క్ మీదే. నోవా ఇన్‌స్టాన్సెస్ డైరెక్టరీలోని ‘_బేస్’ ఫోల్డర్ 180 జీబీ చూపిస్తోంది. గ్లాన్స్‌లో ఆ ఇమేజ్‌లు ఎప్పుడో తీసేశాం. ఈ ఫోల్డర్ ఖాళీ చేయొచ్చా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: వద్దమ్మా, చేత్తో ఒక్క ఫైలు కూడా తీయకండి. అక్కడి ఫైళ్లే మీ వీఎంలకు పునాది. వీఎం డిస్క్‌లో మార్పులు మాత్రమే ఉంటాయి, మిగతాదంతా ‘_బేస్’ నుంచే చదువుతుంది. గ్లాన్స్‌లో ఇమేజ్ పోయినా వీఎంలు నడుస్తున్నది అందువల్లే.

180 అనే అంకె ‘ఎల్ఎస్’ చెప్పిందా, ‘డీయూ’ చెప్పిందా? ఈ ఫైళ్లు రాలో ఉంటాయి, లోపల ఖాళీలు ఎక్కువ. ‘ఎల్ఎస్’ ఖాళీలను కూడా కలిపి చెబుతుంది. నిజంగా డిస్క్ మీద పట్టిన చోటు ‘డీయూ’ చూపేదే.

ఏ వీఎం దేని మీద నిలబడిందో చూడటానికి, వీఎం ఫోల్డర్‌లోని ‘డిస్క్’ ఫైలు మీద ‘క్యూఎము-ఇమేజ్ ఇన్ఫో’ కొట్టండి, నడుస్తున్న వీఎం అయితే ‘ఫోర్స్-షేర్’ ఆప్షన్‌తో. ‘బ్యాకింగ్ ఫైల్’ వరుసలో 40 అక్షరాల పేరు వస్తుంది; అది ఇమేజ్ ఐడీకి ఎస్‌హెచ్‌ఏ-1 హ్యాష్ (ఐడీ నుంచి లెక్కగట్టిన గుర్తు). మీరే లెక్కగట్టి పోల్చాలంటే ఐడీ చివర న్యూలైన్ లేకుండా చూసుకోండి, లేకుంటే పేరు కలవదు. ఎవరికీ అక్కర్లేని ఫైళ్లను నోవాయే తీసేస్తుంది: డిఫాల్ట్‌గా 2400 సెకన్లకోసారి చూసి, 86400 సెకన్లు, అంటే ఒక రోజు, దాటినవాటిని తొలగిస్తుంది.

ఇప్పటికే ఎవరైనా తీసేసి ఉంటే ఆ వీఎంలను ఆపకండి, హార్డ్ రీబూట్ కూడా చేయకండి. వీఎంను నడిపే క్యూఎము ప్రాసెస్ ఆ ఫైలును ఇంకా తెరిచే ఉంచుతుంది. ‘ప్రాక్’ కింద ఆ ప్రాసెస్ నంబరు, దానిలో ‘ఎఫ్‌డీ’ ఫోల్డర్ చూస్తే ‘డిలీటెడ్’ అని గుర్తున్న ఎంట్రీ దొరుకుతుంది. దాన్ని అదే పేరుతో ‘_బేస్’లోకి కాపీ చేసి, ఓనర్‌షిప్ మునుపటిలా పెట్టండి. వీఎం ఆగిపోయాక ఈ దారి మూసుకుపోతుంది. అప్పుడు వేరే కంప్యూట్ నోడ్‌లో అదే పేరున్న ఫైలు ఉంటేనే ఆశ.

ప్రశ్న: విద్యార్థులు బయట దొరికిన క్యూకౌ2 ఇమేజ్‌లు ఎక్కిస్తామంటున్నారు. పర్వాలేదా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఓపెన్‌స్టాక్ అప్‌డేట్ చేయకుండా మాత్రం ఒప్పుకోకండి. 2024 జులైలో సీవీఈ-2024-32498 అనే భద్రతా లోపం బయటపడింది. క్యూకౌ2 హెడర్‌లో ‘డేటా ఫైల్’ అని సర్వర్‌లోని ఏదో ఒక ఫైలు దారి రాసి పంపితే, ఇమేజ్‌ను మార్చేటప్పుడు ఆ ఫైలు సంగతులు వీఎంలోకి చేరిపోయేవి. గ్లాన్స్, నోవా, సిండర్ (ఓపెన్‌స్టాక్‌లో విడి డిస్కులు ఇచ్చే భాగం) మూడింటికీ ప్యాచ్‌లు వచ్చాయి. అవి వేశాక కూడా, వచ్చిన ఫైలును క్లౌడ్‌తో సంబంధం లేని మెషీన్‌లో ‘క్యూఎము-ఇమేజ్ ఇన్ఫో’ కొట్టి చూడండి. బయటి ఇమేజ్‌లో ‘బ్యాకింగ్ ఫైల్’ గానీ ‘డేటా ఫైల్’ గానీ కనిపిస్తే తీసుకోవద్దు. ఉబుంటు, డెబియన్ లాంటివైతే వాళ్ల సైట్‌లోనే క్లౌడ్ ఇమేజ్, చెక్‌సమ్ ఫైలు పక్కపక్కనే ఉంటాయి. రెండూ దించి సరిపోల్చి మీరే ఎక్కించి ఇవ్వండి.