టౌబర్ లోయలో ఏటికి ఎదురు తొక్కండి

"జర్మనీలో నది వెంట సైకిల్ టూర్ వెళ్లాలి, దారిలో చుట్టూ కోటగోడ ఉన్న పాత ఊరొకటి చూడాలి, ఇద్దరికీ ఇదే మొదటిసారి, ఏ రూట్ మంచిది, ఎక్కడ మొదలుపెట్టాలి" అని అడిగారు. రూట్ విషయంలో నాకు అనుమానమే లేదు, టౌబర్ లోయకే వెళ్లండి. ఎక్కడ మొదలుపెట్టాలి అన్న దగ్గరే నాకూ మిగతా లోకానికీ పడదు.

అందరూ చెప్పేది ఇదీ: మీరడిగిన కోటగోడ ఊరు రోతెన్‌బుర్గ్‌లో సైకిలెక్కి, టౌబర్ నది వెంట దిగువకు వెళ్తూ, ఆ నది మైన్ నదిలో కలిసే వెర్ట్‌హైమ్ దాకా తొక్కండి. సుమారు 100 కిలోమీటర్లు. రోతెన్‌బుర్గ్ సముద్రమట్టానికి 400 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది, వెర్ట్‌హైమ్ 150 మీటర్ల దగ్గర ఉంది, కాబట్టి మొత్తమ్మీద పల్లమే. జర్మన్ సైక్లిస్టుల సంఘం ఏడీఎఫ్‌సీ కూడా ఈ దారికి ఐదు నక్షత్రాలిచ్చింది. ఇదంతా నిజమే, నేను కాదనను. కానీ నన్నడిగితే వెర్ట్‌హైమ్‌లో మొదలుపెట్టి ఎగువకు తొక్కండి, రోతెన్‌బుర్గ్‌లో ఆపండి.

ఎందుకంటే రోతెన్‌బుర్గ్‌లో రైలు దిగి, సూట్‌కేసు లాక్కుంటూ వెళ్లినవాళ్లకి ఆ ఊరు సినిమా సెట్‌లా కనిపిస్తుంది. స్టేషన్ ఊరికి తూర్పున, చదునైన నేల మీద ఉంది. నడుచుకుంటూ వెళ్తారు, ద్వారం వస్తుంది, లోపలికి దూరతారు, అయిపోయింది. గోడ ఎందుకు కట్టారో, ఊరు అక్కడే ఎందుకు పెట్టారో ఆలోచించే అవకాశమే రాదు. అదే లోయలోంచి, కాళ్లు పీకుతుండగా తలెత్తి చూడండి. కింద నది, మధ్యలో నిట్టనిలువు వాలు, పైన గోడ. ఏ సైన్యమైనా ఆ వాలు చూసి ఓసారి ఆలోచించుకునే ఉంటుంది. నాతో తొక్కిన మా బావ అయితే గట్టిగానే ఆలోచించాడు, ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఎత్తు ఎక్కాలి కదా అని టెన్షన్ పడకండి. 100 కిలోమీటర్లలో రెండు ఊళ్ల ఎత్తు తేడా 300 మీటర్లు కూడా లేదు, చివరి ముక్క తప్ప ఎక్కుతున్నట్టే తెలియదు. పైగా జర్మనీలో గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది, మీరు వెళ్లేది ఆగ్నేయానికి, అంటే చాలాసార్లు గాలి వీపు మీదే ఉంటుంది. పల్లం కన్నా వెనక గాలే గొప్పదని నా గట్టి నమ్మకం. ఎవరు కాదన్నా మార్చుకోను.

కింది సగం గురించి త్వరగా చెప్పేస్తాను. వెర్ట్‌హైమ్‌లో పాత ఇళ్ల గోడల మీద ఏ ఏడాది వరద ఎంత ఎత్తున వచ్చిందో గీతలు గీసి ఉంటాయి, అవి చూసి బయల్దేరండి. తర్వాత అడవి మధ్య ఇరుకు లోయ, బ్రోన్‌బాఖ్ మఠం. టౌబర్‌బిషోఫ్స్‌హైమ్ కత్తిసాముకి పేరున్న ఊరు. 2025 దాకా అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ అధ్యక్షుడిగా ఉన్న థామస్ బాఖ్ ఈ ఊరి క్లబ్ ఆటగాడే, 1976 ఒలింపిక్స్‌లో ఫాయిల్ అనే కత్తితో ఆడే టీమ్ పోటీలో స్వర్ణం గెలిచారు. బాడ్ మెర్గెంట్‌హైమ్‌లోని కోట 1525 నుంచి 1809 దాకా ట్యూటానిక్ ఆర్డర్ అనే క్రైస్తవ యోధుల సంఘం అధిపతుల నివాసం. ఇవన్నీ బాగుంటాయి. దారి కూడా ఎక్కువ భాగం కార్లు రాని పొలం రోడ్లే, తారు వేసినవే. ట్రాక్టర్ వస్తే పక్కకు తప్పుకుని చెయ్యి ఊపండి, రైతు కూడా ఊపుతాడు.

నీళ్ల సంగతి ఎవరూ చెప్పరు. పల్లెల్లో దుకాణం ఉండకపోవచ్చు గానీ శ్మశానం ఉంటుంది, శ్మశానంలో పూలకు నీళ్లు పోయడానికి కుళాయి ఉంటుంది. జర్మన్ సైక్లిస్టులు బాటిళ్లు నింపుకునేది అక్కడే. తాగే నీళ్లు కావని బోర్డు ఉందేమో చూసుకోండి, అంతే. ఆదివారం వస్తే మాత్రం సూపర్ మార్కెట్లన్నీ మూతే. తెరిచిన బేకరీ కూడా మధ్యాహ్నానికల్లా కట్టేస్తుంది. శనివారం సాయంత్రమే బ్రెడ్డు, అరటిపళ్లు కొని సంచిలో వేసుకోనివాళ్లకి నేనేం చెప్పలేను.

వైకర్స్‌హైమ్‌లో రాత్రి ఆగండి. దీనికో కారణముంది. వెర్ట్‌హైమ్ నుంచి అక్కడిదాకా లోయలో మీకు తోడుగా రైలు మార్గం వస్తూనే ఉంటుంది, అలసిపోతే ఏ స్టేషన్‌లోనైనా ఎక్కేయొచ్చు. వైకర్స్‌హైమ్ దాటాక, రోటింగెన్, క్రెగ్లింగెన్ మీదుగా రోతెన్‌బుర్గ్ దాకా లోయలో రైలు లేదు. కాబట్టి రాత్రి బాగా తిని, పడుకుని, పొద్దున్నే మొదలుపెట్టండి. బసకి "బెట్ ఉంట్ బైక్" బోర్డు ఉన్నచోట అడగండి. వాళ్లు ఒక్క రాత్రికైనా గది ఇస్తారు, సైకిల్‌కి తాళం వేసే చోటు చూపిస్తారు. వైకర్స్‌హైమ్ కోట తోటలో రాతి మరుగుజ్జుల బొమ్మలు వరసగా ఉంటాయి, తప్పకుండా చూడండి. ఒక్కొక్కడి మొహంలో ఎంత వెటకారమో!

క్రెగ్లింగెన్ దగ్గర దారి వదిలి, ఊరికి కాస్త దూరంలో ఉన్న హెర్‌గాట్స్ చర్చికి వెళ్లండి. రీమెన్‌ష్నైడర్ అనే శిల్పి 16వ శతాబ్దం మొదట్లో చెక్కిన మరియ పీఠం, అంటే ఏసు తల్లి మరియ బొమ్మలున్న పూజాపీఠం, అక్కడ ఉంది. బొమ్మలకి రంగు పూయలేదు, ఉత్త లిండెన్ చెక్క. గోడలా లేచిన ఆ పీఠంలో ఒక్కో వేలూ, ఒక్కో వెంట్రుక పాయా వేరుగా కనిపిస్తుంది. నేను గుడులు, చర్చిలు చూస్తూ తిరిగే మనిషిని కాదు. అయినా అక్కడ చాలాసేపు కూర్చున్నాను, బావ బయట సైకిళ్లకు కాపలా ఉన్నాడు.

ఇక అసలు సంగతి. రోతెన్‌బుర్గ్ కింద లోయలో ఉన్న డెట్‌వాంగ్ దాటాక లోయ ఇరుకవుతుంది, నది పక్కన పాత మిల్లులు, ఆ తర్వాత రెండు వరసల కమాన్ల మీద నిలబడ్డ రాతి వంతెన. అక్కడ మేం ఆగి పైకి చూశాం. చెట్ల పైన ఎర్ర పెంకుల కప్పులు, బురుజులు. సాయంత్రమైంది. బావ బాటిల్లో మిగిలిన నీళ్లు తాగి, "ఒరే, ఇంకో దారి లేదా?" అన్నాడు. లేదన్నాను. చుట్టూ తిరిగి వెళ్లే దారి ఉంది గానీ చెప్పలేదు.

వంతెన దగ్గర్నుంచి కోబోల్‌ట్సెల్లర్ ద్వారానికి వెళ్లే ఎక్కుడు చిన్నదే, కానీ చాలా నిటారు. అన్నిటికన్నా తేలిక గేర్‌లో పెట్టాం. బరువంతా వెనక చక్రానికి రెండు పక్కలా తగిలించిన పానియర్ బ్యాగుల్లో ఉండటంతో ముందు చక్రం నేల వదిలి లేస్తోంది. హ్యాండిల్ మీదకి వంగితే వెనక చక్రం జారుతోంది. ఓ మలుపు దగ్గర బావ దిగిపోయాడు, ఇంకాస్త పైన నేనూ దిగాను. ఓ చెయ్యి హ్యాండిల్ మీద, ఇంకో చెయ్యి సీటు కింద వేసి తోసుకుంటూ ద్వారం దాటాం. లోపల రాళ్లు పరిచిన వీధి, ఇంకా ఎక్కుడే.

మీరు రోతెన్‌బుర్గ్ ఫొటో చూసే ఉంటారు. పసుపురంగు ఇల్లు, దానికి ఎడమన పైకి పోయే వీధిలో ఓ బురుజు, కుడివైపు కిందికి దిగే వీధిలో ఇంకో బురుజు. ప్లోన్‌లైన్ అంటారు దాన్ని. కుడివైపు దిగుతున్న ఆ వీధిలోంచే మేం పైకొచ్చాం. ఎదురుగా ఓ టూర్ గుంపు, అందరి చేతుల్లో ఫోన్లు, అందరి ఫొటోల మధ్యలో చెమటలు కారుతూ మేం. ఒకావిడ పక్కకు జరగమని చెయ్యి ఊపింది. బావ రొప్పుతూ తెలుగులోనే, "ఇక్కడ ఆగితే మళ్లీ నదిలోకే పోతామమ్మా" అన్నాడు. ఆవిడ నవ్వి థాంక్యూ అంది. ఎంతమంది ఫోన్లలో మా మొహాలు మిగిలాయో!

బస్సుల వాళ్లు వెళ్లిపోయాక గోడ ఎక్కండి, టికెట్ లేదు. పైన చెక్క కప్పు, తల తగలకుండా నడవాలి. గోడ రాళ్లలో పేర్లు చెక్కిన పలకలు కనిపిస్తాయి, వాటిలో జపాన్ వాళ్ల పేర్లూ బోలెడు. 1945 మార్చి 31న బాంబులు పడి పాత ఊళ్లో దాదాపు 40 శాతం, గోడలో కొంత భాగం పోయాయి. మీటరుకింతని చందాలు తీసుకుని మళ్లీ కట్టారు, ఆ పేర్లు దాతలవే. అమెరికా సైన్యం ఫిరంగులతో మిగతాదీ పోయేదే. అమెరికా యుద్ధశాఖ సహాయమంత్రి జాన్ మెక్‌క్లాయ్ అడ్డుపడ్డారు. వాళ్లమ్మ దగ్గర ఈ ఊరి చిత్రం ఉండేదట, చిన్నప్పుడు చూసి గుర్తుపెట్టుకున్నారట. "అంతా నకిలీ, మళ్లీ కట్టిందే" అని మూతి విరిచేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. పడిపోయిన గోడను ఊరివాళ్లు మళ్లీ కట్టుకుంటే అది నకిలీ ఎలా అవుతుంది?

దుకాణాల అద్దాల్లో ష్నేబాల్ అని గుండ్రటి వేపుడు మిఠాయి పెడతారు. చూసి ఊరుకోండి.

తిరుగు ప్రయాణానికి రోతెన్‌బుర్గ్‌లో చిన్న రైలెక్కి స్టైనాఖ్‌లో మారాలి. దేశమంతా లోకల్ రైళ్లలో తిరగడానికిచ్చే నెలవారీ పాస్ డోయిచ్‌లాండ్ టికెట్ మనిషికే గానీ సైకిల్‌కి వర్తించదు. రోతెన్‌బుర్గ్ వైపు, అంటే బవేరియాలో, సైకిల్‌కి విడిగా ఒక రోజు టికెట్ కొనండి. వెర్ట్‌హైమ్ వైపు, అంటే బాడెన్-వుర్టెంబెర్గ్‌లో, చాలా లోకల్ రైళ్లలో సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున 6 నుంచి 9 మధ్య తప్ప సైకిల్‌కి ఉచితమే. ఒకే లోయలో రెండు రాష్ట్రాలు, రెండు రూల్సు, అదెందుకో వాళ్లకే తెలియాలి. ఆదివారం సాయంత్రం మాత్రం రైలెక్కే ప్లాన్ పెట్టుకోకండి. పాతిక కేజీల ఈ-బైకులు ముందే ఎక్కి కూర్చుంటాయి, మీరు ప్లాట్‌ఫాం మీదే ఉండిపోతారు.