డిస్ట్రిబ్యూటర్ తిప్పుడు ఆపు అల్లుడా

నాగార్జునసాగర్, హిల్ కాలనీ

అల్లునికి మామ ఆశీస్సులు.

నువ్వు ఫోన్ల చెప్పింది మల్ల మల్ల ఆలోచించిన. నీ బోటు పెట్రోలు ఇంజన్ స్లోల మంచిగనే నడుస్తున్నది, సోమశిల రేవు దాటినంక నలుగురితోని ఫుల్ రేస్ ఇస్తే లాగుత లేదు, వేడెక్కుతున్నది అన్నవు. డిస్ట్రిబ్యూటర్, అంటే ప్లగ్గులకు వరుసగ కరెంటు పంచే డబ్బా, జర ముందుకు తిప్పితే లాగింది గని, ఇప్పుడు పొద్దుగాల స్టార్టర్ కొడితే ఇంజన్ ఎదురు తంతున్నది అన్నవు. ఈ రెండు కలిపి చూస్తే నాకు అనుమానం ఒక్కదాని మీదనే: లోపల అడ్వాన్స్ బరువులు పట్టుకపోయినయి. వాటిని వదిలిపెట్టి బయట ఎంత తిప్పినా, ఒక దిక్కు సర్దితే ఇంకో దిక్కు చెడ్తది.

ప్లగ్గుల నిప్పు పడ్డంక పెట్రోలు, గాలి కాలేందుకు కొంత టైం పడ్తది. 600 ఆర్‌పీఎం మీద క్రాంకు, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, ఒక మిల్లీసెకండుల 3.6 డిగ్రీలే తిరుగుతది, 3000 మీద 18 డిగ్రీలు. అందుకే స్పీడు పెరిగిన కొద్దీ నిప్పు ముందుగాల పడాలె, దీన్నే అడ్వాన్స్ అంటరు. ఆ పని చేసేటివి డిస్ట్రిబ్యూటర్ లోపలి రెండు చిన్న బరువులు, రెండు స్ప్రింగులు. ఎండకాలం శ్రీశైలం నీళ్లు ఎనుకకు పోయి సంగమేశ్వరం గుడి తేలే రోజులల్ల నీ బోటు ఒడ్డు మీదనే ఉంటది గద. అప్పుడే గ్రీజు గట్టిపడ్తది, తుప్పు పడ్తది.

ఇంజన్ బందు చేసి, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి, లోపల తిరిగే ముక్క, రోటార్‌ను అది తిరిగే దిక్కుకే వేళ్లతోని జర తిప్పి వదులు. టక్కున ఎనుకకు రావాలె. రాకపోతే, బద్ధకంగ వస్తే, దొంగ దొరికినట్టే. షాఫ్టు అటూ ఇటూ ఊగుతున్నదా కూడ చూడు. షాఫ్టును పట్టే బుష్షు అరిగితే ఏ సెట్టింగూ నిలవదు.

టైమింగ్ లైట్ అంటే ఒకటో ప్లగ్గుకు నిప్పు పడ్డప్పుడల్ల మెరిసి పుల్లీ మీది గీతను చూపే లైటు. అది పట్టే ముందు, డిస్ట్రిబ్యూటర్ లోపల తెరుచుకుంట మూసుకునే పాయింట్ల గ్యాపు ఫీలర్ గేజ్ అనే సన్నటి కొలత రేకులతోని సరిచెయ్యి. గ్యాపు పెరిగితే పాయింట్లు తొందరగ తెరుచుకుంటయి, టైమింగ్, అంటే నిప్పు పడే టైం, ముందుకు జరుగుతది. తర్వాత గ్యాపు ముట్టుకుంటే చేసిన పనంతా మల్ల మొదటికే.

క్రాంకు పుల్లీ మీది గీతను కూడ నమ్మకు. నడుమ రబ్బరు ఉన్న పుల్లీ అయితే, పాతబడ్డంక బయటి రింగు జారుతది. ప్లగ్గులన్నీ తీసి, ఒకటో నంబరు ప్లగ్గు బొక్కల పిస్టన్ పూర్తిగ పైకి రాకముందే ఆగేటట్టు స్టాపర్ బిగించు. స్టార్టర్ ముట్టకు, చేతితోని తిప్పు. ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి, ఆగిన రెండు చోట్ల చాక్‌పీసు గీత పెట్టు. ఆ రెంటికి సరిగ్గ నడుమ ఉన్నదే అసలు టీడీసీ, అంటే పిస్టన్ పూర్తిగ పైన ఉండే చోటు. పుల్లీ అడ్డంగ 150 మిల్లీమీటర్లు ఉంటే చుట్టుకొలత 471 వస్తది, అంటే డిగ్రీకి సుమారు 1.3 మిల్లీమీటర్లు. ఆ లెక్కన టీడీసీకి ముందు 10, 20, 30 డిగ్రీల దగ్గర తెల్ల రంగు పెట్టుకో.

బోటును నీళ్లల్లనే తాడుతోని గట్టిగ కట్టి, న్యూట్రల్‌ల పెట్టి లైట్ కొట్టు. ఒడ్డు మీద నీళ్లు లేకుండ నడిపితే ఇంజన్ సల్లబడేందుకు నీళ్లు లాగే పంపుల రబ్బరు చక్రం, ఇంపెల్లర్, కాలిపోతది. రేస్ మెల్లగ పెంచుతుంటే గీత కూడ మెల్లగ జరగాలె. జరగకపోతే బరువులు పట్టినట్టు. గంతులేస్తే బుష్షో, టైమింగ్ చైనో అరిగినట్టు. స్లోలనే బాగ ముందుకు పోయి ఉంటే స్ప్రింగు తెగినట్టు.

ఎన్ని డిగ్రీలు అని మీ దగ్గరి లాంచీ మిస్త్రీలను అడగకు. వాళ్ల చేయి డీజిల్ మీద తిరిగింది, డీజిల్‌కు ప్లగ్గే లేదాయె. కారు మిస్త్రీ అయితే ఇంజన్ గాలి గుంజుడుతోని అడ్వాన్స్ మార్చే వ్యాక్యూమ్ పైపు ఏదని ఎతుకుతడు. బోటు ఇంజన్లకు ఎక్కువ శాతం అది ఉండదు. నీ ఇంజన్ కంపెనీ పుస్తకంల రాసిన అంకెనే పెట్టు, స్లోల ఎంత, పై స్పీడుల మొత్తం ఎంత, రెండూ చూడు. బోటు ఇంజన్‌కు ఎప్పుడూ శ్రీశైలం ఘాటు ఎక్కే లారీ బతుకే, దానికి దిగుడు ఉండదు. అడ్వాన్స్ ఎక్కువైతే నాకింగ్, అంటే సిలిండర్ల టకటక కొట్టుడు, ఆ మోతల వినపడదు, పిస్టన్‌కు బొక్క పడ్డంకనే తెలుస్తది.

పాత కారు డిస్ట్రిబ్యూటర్ చవుకగ దొరికింది, వేద్దమా అన్నవు. వద్దంటే వద్దు. బోటుకు చేసిన దాంట్ల లోపలి నిప్పురవ్వ బయటికి పోకుండ జాలి ఉంటది. కారు దానికి ఉండదు, బోటు అడుగున పెట్రోలు ఆవిరి నిలిచి ఉంటే అంటుకుంటది. ఇంజన్ పెట్టె మూత తీసి, ఆవిరిని బయటికి ఊదే బ్లోవర్ నాలుగైదు నిమిషాలు తిప్పి, వాసన చూసినంకనే స్టార్ట్ చెయ్యి.

బరువులు విప్పేటప్పుడు ఏ స్ప్రింగు ఏ పిన్నుదో గుర్తు పెట్టుకో, రెండూ ఒక్క తీరుగ ఉండకపోవచ్చు. సాగదియ్యకు, దుకాణంల దొరికిన వేరే స్ప్రింగు తగిలియ్యకు. కిరసనాయిలుతోని కడిగి, తుప్పు గీకి, పిన్నులకు ఒక్కొక్క చుక్క ఇంజన్ ఆయిల్ చాలు. పాయింట్ల మీద పడనియ్యకు.

జూరాల నుంచి వరద దిగక ముందే ఈ పని అయిపోవాలె. లైట్ కొట్టినప్పుడు స్లోల గీత ఎక్కడున్నదో, 3000 మీద ఎక్కడున్నదో రెండూ వీడియో తీసి పంపు.

ఇట్లు,
నీ మామ