బట్టల్లేకుండా నలుగురిలో కూర్చుంటే ఒంటి మీద సిగ్గు పోతుందా? నా అనుభవం ఇదీ

న్యూడ్ బీచ్‌లకీ, సౌనాలకీ (చెమట పట్టేలా కూర్చునే వేడి గదులు) వెళ్తే ఆత్మవిశ్వాసం పెరుగుతుందంటారు, నిజమా లేక సాకా అని అడిగారు. నా వరకైతే చాలావరకు నిజమే.

నాకు కాలేజీ రోజుల నుంచి పొట్ట మీద, మోకాళ్ళ మీద బొల్లి. ఇంట్లో దాని గురించి గట్టిగా మాట్లాడేవాళ్ళే కాదు. సంబంధాలు చూసే రోజుల్లో, "మొహం మీదికి రాకపోతే చాలు తల్లీ" అని అమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకునేది.

ఉద్యోగం మీద జర్మనీలోని లైప్‌జిగ్ వచ్చాక తెలిసింది, ఇక్కడ సౌనాలోకి స్విమ్‌సూట్‌తో వెళ్తేనే వింత. ఆడా మగా కలిసే కూర్చుంటారు. ఎఫ్‌కేకే అని పిలిచే, బట్టల్లేకుండా గడిపే ఈ అలవాటు వందేళ్ళ పైమాటే. పాత తూర్పు జర్మనీలో పిల్లాపాపలతో బాల్టిక్ తీరానికి ఇలాగే వెళ్ళేవారు. మా ఆఫీసులో పెద్దవాళ్ళకి ఇది మన ఊళ్ళో కాలవ ఈతలాంటిది.

నేను లేడీస్ డేతో మొదలుపెట్టాను. చాలా సౌనాల్లో అలాంటి రోజు ఉంటుంది. చెమట చెక్కకి అంటకుండా టవల్ పరుచుకుని కూర్చోవాలి. ఫోన్ తేకూడదు. ఎవరినీ తేరిపార చూడకూడదు. ఈ చివరి రెండూ లేనిచోట నేను చెప్పేదేదీ పనిచేయదు.

తేరిపార చూడకపోయినా కంటికి కనిపిస్తుంది కదా. అప్పటిదాకా నాకు తెలిసిన ఒళ్ళు రెండే రకాలు: ఇన్‌స్టాలో కనిపించేవి, అద్దంలో నాది. అక్కడ సిజేరియన్ కుట్లు, జారిన పొట్టలు, ఉబ్బిన నరాలు, ఒక రొమ్ము తీసేసిన పెద్దావిడ. నా మచ్చల గురించి ఏమంటుందోనని నాకు ఒకటే టెన్షన్. ఆవిడ అన్నది ఒక్కటే మాట: తలుపు సరిగ్గా వెయ్యమ్మా, వేడి పోతోంది అని.

లండన్ గోల్డ్‌స్మిత్స్ యూనివర్సిటీ సైకాలజిస్టుగా కియాన్ వెస్ట్ 2017లో దీని మీద పరిశోధన ప్రచురించారు. 849 మంది బ్రిటన్ వాళ్ళని అడిగితే, ఇలాంటివాటిలో ఎక్కువగా పాల్గొనేవాళ్ళకి తమ ఒంటి మీద, జీవితం మీద తృప్తి ఎక్కువని తేలింది. ధైర్యం ఉన్నవాళ్ళే వెళ్తారు కాబట్టి అలా వచ్చిందనొచ్చు. అందుకే అలాంటి కార్యక్రమాలకి వచ్చినవాళ్ళని, పాల్గొనక ముందూ ఆ తర్వాతా అడిగి చూశారు, అప్పుడూ మెరుగే. కాకపోతే వాళ్ళూ ఇష్టపడి వచ్చినవాళ్ళే. మా ఆయన ఒకసారి వచ్చి, చచ్చినా మళ్ళీ రానన్నాడు. బలవంతం చేస్తే మేలు జరగదనే నా నమ్మకం.

నాలో మార్పంటారా, కవర్ చేసే క్రీములు కొనడం మానేశాను. ఎండాకాలం ఆఫీసుకి లెగ్గింగ్స్ లేకుండా ఫ్రాక్ వేసుకుంటాను. విజయవాడ వెళ్తే మాత్రం ఇప్పటికీ పైటకి నడుము దగ్గర ఇంకో పిన్ను పెడతాను. పెద్దమ్మలతో వాదించే ఓపిక నాకు లేదు.

మీరు ఇండియాలో ఉంటే గోవా బీచ్ కదా అని ప్రయత్నించకండి, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 296 కింద కేసవుతుంది. ఆడవాళ్ళైతే లేడీస్ స్విమ్మింగ్ బ్యాచ్‌లో చేరండి. డ్రెస్సింగ్ రూమ్‌లో రకరకాల ఒళ్ళు కనిపిస్తాయి, సగం పని అక్కడే అవుతుంది.