ఫైనాన్స్ ఆఫీసు గోడ మీద ఉన్న కాగితం లైసెన్సేనా?

ప్రశ్న: మాది సూర్యాపేట జిల్లాలో ఒక మండల కేంద్రం. బస్టాండు దగ్గర చిన్న టైలరింగ్ షాపు నడుపుతున్నాను. రోజువారీ ఫైనాన్స్‌లో పది వేలు అప్పు తీసుకుంటే ముందే కోత కోసి ఎనిమిది వేల అయిదు వందలు చేతిలో పెట్టారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. ప్రోనోటు మీద సంతకం, ఒక ఖాళీ చెక్కు తీసుకున్నారు. నలభై రోజులు కట్టాక ఒంట్లో బాగుండక ఆపేశాను. ఇప్పుడు కోర్టుకు లాగుతామంటున్నారు. లైసెన్సు ఉందా అని అడిగితే గోడ మీది ఫ్రేము చూపిస్తారు, దగ్గరికి వెళ్లి చదవనివ్వరు. అది చూపించమని అడిగే హక్కు నాకు ఉందా మేడమ్?
– ఒక పాఠకురాలు

జవాబు: ఉందమ్మా. ఆ కాగితం ఆయన సొంత ఆస్తి పత్రం కాదు. ప్రభుత్వం ప్రజల తరఫున ఇచ్చిన అనుమతి. అప్పు తీసుకున్న మీరే కాదు, ఆ వీధిలో నడిచే ఎవరైనా దాని గురించి అడగవచ్చు.

ముందుగా ఆ ఫ్రేములో ఏముందో చూద్దాం. నా దగ్గరకు వచ్చే కేసుల్లో ఇలాంటి కాగితాల ఫోటోలు చాలా చూశాను. కొన్నింటిలో ఉండేది భాగస్వామ్య సంస్థగా నమోదైన పత్రం. 1932 నాటి భాగస్వామ్య చట్టం కింద నలుగురు కలిసి సంస్థ పెట్టుకున్నారని మాత్రమే అది చెబుతుంది. కొన్ని కార్మిక శాఖ ఇచ్చిన దుకాణం రిజిస్ట్రేషన్లు. బోర్డు మీద, కలెక్షన్ కార్డు మీద ‘గవర్నమెంటు రిజిస్టర్డ్’ అని వేసుకోవడానికి ఇవి పనికొస్తాయి తప్ప, వడ్డీకి డబ్బు తిప్పే అనుమతి వీటివల్ల రాదు. అసలైన లైసెన్సే ఉన్నా మూడు విషయాలు చూడాలి. ఎవరి పేరు మీద ఉంది, ఏ ప్రాంతానికి ఇచ్చారు, మీరు అప్పు తీసుకున్న తేదీ నాటికి గడువు ఉందా. అన్న పేరు మీద ఎప్పుడో తీసుకున్న లైసెన్సు తమ్ముడు ఈ రోజు చేసే వ్యాపారానికి చెల్లదు.

తెలంగాణలో వడ్డీ వ్యాపారానికి నిజాం కాలం నాటి చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. దాన్ని 1349 ఫసలీ మనీ లెండర్స్ చట్టం అంటారు (ఫసలీ అంటే నిజాం పాలనలో వాడిన సంవత్సరాల లెక్క). లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం చేసేవారు బాకీ కోసం దావా వేస్తే కోర్టు దాన్ని కొట్టివేయాలని ఆ చట్టం చెబుతోంది. కోర్టుకు వెళతామన్న బెదిరింపు విని మీరు వణికిపోనక్కర లేదు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. అవసరానికి ఒకసారి ఎవరికో అప్పిచ్చిన మనిషిని చట్టం వడ్డీ వ్యాపారిగా చూడదు. దావా పడితే అవతలివారు వృత్తిగా ఈ పని చేస్తున్నారని మీరు చూపించాలి. మీ బస్టాండు దగ్గర పండ్ల బండివాళ్లు, టీ కొట్టువాళ్లు అదే సంస్థలో కడుతూ ఉంటారు కదా. వారి కార్డులే మీకు సాక్ష్యం. మీ కార్డును మాత్రం ఏ కలెక్షన్ కుర్రాడికీ తిరిగి ఇవ్వకండి. రెండు వైపులా ఫోటో తీసి పెట్టుకోండి. మీరు కట్టిన నాలుగు వేలకు వేరే రుజువు లేదు.

ఇక లైసెన్సు సంగతి తేల్చుకునే దారి. సమాచార హక్కు చట్టం, 2005 ప్రకారం మీ తహసీల్దార్ కార్యాలయంలోని ప్రజా సమాచార అధికారికి తెల్ల కాగితం మీద తెలుగులో దరఖాస్తు రాయండి. మండల స్థాయి కార్యాలయానికి ఫీజు 5 రూపాయలే. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నట్టు ఆధారం జతచేస్తే అదీ కట్టనక్కర లేదు. ‘వడ్డీ వ్యాపారుల వివరాలు ఇవ్వండి’ అని పొడిపొడిగా రాస్తే పొడి జవాబే వస్తుంది. ఇలా అడగండి: ఈ మండలంలో వడ్డీ వ్యాపార లైసెన్సు ఉన్నవారి జాబితా, ఒక్కొక్కరి లైసెన్సు సంఖ్య, ఇచ్చిన తేదీ, గడువు తేదీ, ఫలానా సంస్థ పెట్టిన దరఖాస్తు మీద జరిగిన విచారణ నివేదిక నకలు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అదే కార్యాలయానికి సంబంధించిన అప్పీలు అధికారికి మొదటి అప్పీలు వేయండి.

‘అది మూడో వ్యక్తి సమాచారం, ఇవ్వం’ అని కొన్నిచోట్ల తిప్పి పంపుతారు. వారి ఆధార్, ఆదాయ పత్రాలు ఇవ్వనంటే అర్థం ఉంది. లైసెన్సు పొందినవారి పేర్లు దాచడానికి వీల్లేదు. తాము ఎవరెవరికి అనుమతులు ఇచ్చామో ప్రతి ప్రభుత్వ కార్యాలయం ఎవరూ అడగకముందే ప్రకటించాలని అదే చట్టం 4వ సెక్షన్‌లో ఉంది. ఆ జాబితా ప్రతి తహసీల్దార్ కార్యాలయం నోటీసు బోర్డు మీద ఉండి ఉంటే, మీలాంటివారు నాకు ఉత్తరం రాసే అవసరమే వచ్చేది కాదు. ఈ విషయం తలుచుకున్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

చెక్కు సంగతి మాత్రం తేలికగా తీసుకోకండి. చెక్కు బౌన్సయిందని లాయరు నోటీసు వస్తే డబ్బు కట్టడానికి మీకుండే గడువు 15 రోజులే. నోటీసు అందిన రోజే న్యాయవాదిని కలవండి. ఫీజు ఇచ్చుకోలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది.

మరొక్క మాట. మీరు తీసుకున్నది ‘పది వేలకు పదిహేను వందల వడ్డీ’ అనుకుంటున్నారు. అసలు రోజురోజుకూ తగ్గుతోంది గనుక లెక్క వేస్తే అది నెలకు నూటికి పది రూపాయల వడ్డీ పడుతుంది.

ప్రశ్న: మా కాలనీలో ఒకాయన వడ్డీ వ్యాపారానికి లైసెన్సు కోసం దరఖాస్తు పెట్టుకున్నాడని తెలిసింది. ఇదివరకు అప్పు కట్టలేని ఒకరి ఇంటి సామాను బయటకు లాగించాడు. పోలీసు కేసు కూడా అయింది. లైసెన్సు రాకముందే మేము అడ్డుచెప్పవచ్చా?
– కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి, కరీంనగర్

జవాబు: తప్పకుండా చెప్పండి. దరఖాస్తు పరిశీలనలో ఉన్నప్పుడే తహసీల్దారుకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఇన్‌వార్డు నంబరు, తేదీ వేయించిన నకలు మీ దగ్గర ఉంచుకోండి. సోమవారం ప్రజావాణిలో కలెక్టరుకు ఒక ప్రతి ఇవ్వండి. ‘మంచివాడు కాదు’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఏ రోజు, ఎవరి ఇంట్లో, ఏం జరిగింది, ఎఫ్‌ఐఆర్ నంబరు ఎంత, ఇవి రాసి బాధితుల సంతకాలు తీసుకోండి. మీ అభ్యంతరం ఆధారంగా లైసెన్సు నిరాకరించే ముందు అధికారులు ఆయన సంజాయిషీ అడుగుతారు, నిరాకరిస్తే ఆయన పైఅధికారి దగ్గరకూ వెళతాడు. అక్కడ నిలబడగలిగిన విషయమే రాయండి.

కొన్ని రకాల కర్మాగారాలు పెట్టాలంటే పర్యావరణ అనుమతి కోసం కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇచ్చి ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతారు. వందల కుటుంబాల సంపాదన చేతులు మారే వ్యాపారానికి కూడా దరఖాస్తును పంచాయతీ, వార్డు కార్యాలయాల్లో అంటించి అభ్యంతరాలు పిలవాలని నా గట్టి అభిప్రాయం. మీ సంఘం తీర్మానంలో ఆ కోరికను కూడా చేర్చండి.

ప్రశ్న: ఫోన్ యాప్‌లో అప్పు తీసుకున్నాను. దానికి కూడా తహసీల్దారు లైసెన్సు ఉండాలా?
– డిగ్రీ విద్యార్థి, గుంటూరు

జవాబు: యాప్ వెనుక రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన ఫైనాన్స్ కంపెనీ ఉంటే అక్కర లేదు. అలాంటి కంపెనీలకు రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు వర్తించవని 2022 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కంపెనీ ఏదో అప్పు పత్రంలో చూడండి. 2025 జులై నుంచి అప్పుల యాప్‌ల జాబితా రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంది. అయితే ఆ వివరాలు కంపెనీలు తామే ఇచ్చుకున్నవి. పేరు కనిపించినంత మాత్రాన రిజర్వు బ్యాంకు హామీ ఇచ్చినట్టు కాదు. నమోదైన కంపెనీ మనుషులు వేధిస్తే ముందు ఆ కంపెనీకి రాయండి, 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఖాతాదారుల ఫిర్యాదులు పరిష్కరించే అధికారికి) ఫిర్యాదు చేయండి. వివరాలకు 14448కు ఫోన్ చేయవచ్చు. వెనుక ఏ కంపెనీ పేరూ లేకపోతే, మీ ఫోన్‌లోని నంబర్లకు బెదిరింపులు వెళుతుంటే, ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేసి సైబర్ పోలీసులకు చెప్పండి. ఇంట్లోనూ ఈ రోజే చెప్పండి.